కందనకాయ అతిథికి

భూమి ఎంత వేడెక్కిపోయిందో మా ఆయన నాకు వివరంగా చెబుతున్నప్పుడు నేను పొయ్యిలోకి ఊదుతున్నాను. తడి కట్టెలు. కళ్ళ నిండా పొగ. ఆయన వంటపాక గుమ్మం దగ్గర, పొగ తగలనంత దూరంలో, ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"ప్రపంచం కాలిపోతోంది మామా ఇమాలి. జనానికి అర్థం కావడం లేదు," అన్నాడు.

"ఈ పొయ్యి ఒక్కటే కాలడం లేదు. చూరు కింద ఎండు కట్టెలున్నాయి, రెండు అందుకోండి," అన్నాను.

ఆయనకి వినబడలేదు. ఎవరో కామెంట్ పెట్టారు. చిరునవ్వు నవ్వుకుంటూ, బొటనవేళ్ళతో టకటకా కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. కట్టెలు నేనే తెచ్చుకున్నాను.

మామా ఇమాలి అంటే ఇమాలి వాళ్ళమ్మ. కూతురు పుట్టిన రోజు నుంచి నా పేరు అదే. అంతకు ముందు నాకు ముహొంజ అని ఒక పేరుండేది. ఇప్పుడు అది జీతం చీటీ మీదా, ఓటరు కార్డు మీదా మాత్రమే ఉంది. నేను సెకండరీ స్కూల్లో భూగోళం చెబుతాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఎవరికీ ఇది గుర్తుండదు కాబట్టి. వానలు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఎందుకు దారి తప్పుతాయో పగలంతా పిల్లలకి చెప్పి ఇంటికొస్తే, సాయంత్రం అదే పాఠం మా ఆయన నాకు చెబుతాడు. అదీ తప్పులతో.

మా ఆయన పేరు హెజ్రాన్. ఖయేగా బజారులో ఇనుప సామాన్ల కొట్టు. మనిషి కొట్లో కూర్చుంటాడు కానీ మనసంతా 'కాకమెగా మాట' మీదే. అది మా జిల్లా వాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపు. రొట్టె మీద పన్ను, పెట్రోలు ధర, దేశం అప్పు, చెరకు రేటు, వరదలు, అన్నీ తేలేది అక్కడే. మోటారు సైకిల్ మీద మనుషుల్ని దింపేవాళ్ళు, పాస్టర్లు, రిటైరైన గుమాస్తాలు, నైరోబీలో కూర్చుని ఊరికి బుద్ధి చెప్పేవాళ్ళు, అందరూ అందులోనే. పార్లమెంటుకి ఒక చట్టం చెయ్యాలంటే నెలలు పడుతుంది, మా వాళ్ళు టీ చల్లారేలోపు చేసి పారేస్తారు. ఆ గ్రూపులో మా ఆయన పేరు 'గ్రీన్ జనరల్'. పచ్చదనం మీద ఆయన రాసిన మాటలకి వందల మంది దండాలు పెడతారు. ఇంట్లో ఒక్క మొక్కకి చెంబెడు నీళ్ళు పోసిన చెయ్యి కాదు.

పోనీలే, మగాళ్ళకి ఏదో ఒక వ్యసనం ఉంటుంది, తాగుడు కంటే ఇది నయమే కదా అనుకుని ఊరుకునేదాన్ని. ఆ వ్యసనం నా మడి మీదికి వచ్చేదాకా.

మా ఇంటి వెనక పల్లంలో ఒక ఊట ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో దాని చుట్టూ తుంగ తప్ప ఏమీ లేదు. ఆ తుంగంతా పీకి, మళ్ళు కట్టి, మ్రెండా, సాగా ఆకుకూరలు, చేమదుంపలు వేశాను. పై పొలాలన్నీ బీటలు తీసే రోజుల్లో కూడా అక్కడ కాలు పెడితే బురద వేళ్ళ మధ్యకి వస్తుంది. ఇంట్లో కూర అక్కడిది. ఇమాలి బడి బట్టలు ఆ కూర అమ్మితే వచ్చినవి. బళ్ళో హెడ్మాస్టరు ఏదో అన్న రోజు, అత్తయ్య మూతి ముడుచుకున్న రోజు నేను పోయి నిలబడేదీ అక్కడే. కాసేపు కలుపు తీస్తే మనసు నిమ్మళిస్తుంది.

ఒకరోజు టీ తాగుతూ మా ఆయన అన్నాడు. "ఆ ఊట దగ్గర నేల ఊరికే పడి ఉంది కదా. వానలు పడగానే నీలగిరి మొక్కలు వేయిస్తున్నా. నర్సరీకి చెప్పేశాను."

ఊరికే పడి ఉంది. పదిహేనేళ్ళ నా నడుము అక్కడ వంగి ఉంటే, ఆయనకి అది ఊరికే పడి ఉన్నట్టు కనిపించింది. రాత్రి తిన్న కూర ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నాడో మరి.

"ఊట పక్కన నీలగిరా? నీళ్ళన్నీ తాగేస్తాయండీ. ఊట ఎండిపోతుంది," అన్నాను.

"చెట్లు వద్దంటావేంటి నువ్వు? చెట్లుంటేనే వానలు. ఇది క్లైమేట్ వ్యవహారం, నీకు అర్థం కాదులే."

"నేను బళ్ళో చెప్పేది అదేగా."

"పుస్తకంలో పాఠం వేరు, పాలసీ వేరు."

అత్తయ్య పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది. "మగాడు చెట్టు నాటుతానంటే ఆడది అడ్డు చెప్పకూడదమ్మాయ్. మా కాలంలో అయితే ఆడది చెట్టు నాటనూ కూడదు, వద్దననూ కూడదు."

"మరి నీళ్ళు మోయొచ్చా అత్తయ్యా?" అన్నాను.

ఆ ఊట నుంచి బిందెలు మోసి మోసి వంగిపోయిన మెడ ఆవిడది కూడా.

ఆ సాయంత్రం మా ఆయన గ్రూపులో పెద్ద పోస్టు పెట్టాడు. 'ఇంటింటికీ నీలగిరి, భూమికి ఊపిరి'. దాని కింద నేను నా పేరుతో, మర్యాదగానే, నాలుగు మాటలు రాశాను. నీలగిరి మెట్ట మీద వేసుకోవచ్చు, ఊట పక్కన మాత్రం వద్దు, ఈ చెట్టు నీళ్ళ దగ్గర పెడితే నీళ్ళకి చేటు అని. జవాబులు వెంటనే వచ్చాయి. 'మేడమ్, పొయ్యి మీద ఉగాలి మాడుతోందేమో చూసుకోండి' అని ఒకడు. 'జనరల్ గారూ, మీ ఇంట్లోనే తిరుగుబాటా' అని ఇంకొకడు. దాని కింద పొట్ట చేత్తో పట్టుకుని నవ్వే బొమ్మలు.

మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "నలుగురిలో నా పరువు తీశావు. ఏదన్నా ఉంటే ఇంట్లో చెప్పొచ్చుగా."

"ఇంట్లోనే ముందు చెప్పాను."

"ఇంట్లో అంటే, నేను ఖాళీగా ఉన్నప్పుడు."

ఆయన ఖాళీ కోసం నేను పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను.

నా తమ్ముడు షివాచికి ఒక పోట్లాట ఎద్దు ఉంది. దాని పేరు ట్రాన్స్‌ఫార్మర్. మా పుట్టింటి వైపు ఎద్దుల పోటీలంటే ప్రాణం పెడతారు. గెలిచిన రోజు పిల్లకి పెళ్ళి కుదిరినంత సంబరం. వాడు దాని మొహం దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి నాకు పంపాడు. రెండు కొమ్ములూ, ఒక ఎర్ర కన్నూ. నేను ఆ కోపంలో ఫేస్‌బుక్‌లో కొత్త ఖాతా తెరిచాను. బొమ్మ పెట్టమంది. చేతికి దొరికింది ఆ ఎద్దే. పేరు పెట్టమంది. మా పుట్టింటి దగ్గరి గుట్ట పేరు కలిపి 'లిరాండా ఎద్దు' అని పెట్టాను. మగాణ్ణని నేనెక్కడా రాయలేదు. ఎవరూ అడగనూ లేదు. కొమ్ములు చూశారు, చాలనుకున్నారు.

మొదట రాసిన ఆ నాలుగు మాటల్నే మళ్ళీ పెట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు. గ్రూపు అడ్మిన్ ముసోన్యే, ఊళ్ళో అందరి గట్లూ కొలిచిన రిటైర్డ్ సర్వేయరు, 'పెద్దాయన మాట ఆలోచించదగ్గది' అని రాశాడు. దాని కింద దండాలే దండాలు. ఉగాలి మాడుతోందన్నవాడు కూడా 'అనుభవం మాట్లాడుతోంది' అన్నాడు. నేను మరుగుదొడ్డిలో కూర్చుని అవన్నీ చదివి నవ్వాను. కాసేపటికి ఏడుపొచ్చింది. అది కూడా అక్కడే కానిచ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చాను.

మరుగుదొడ్డి ఎందుకంటే, మా ఇంట్లో 'మామా ఇమాలీ' అని కేకేస్తూ ఎవరూ లోపలికి రాని చోటు అదొక్కటే. దేశం అప్పు మీద నేను రాసిన మంచి మాటలన్నీ అక్కడ పుట్టినవే. రొట్టె మీద పన్ను గురించి రాస్తున్న రోజు మరీ ఆలస్యమైంది. అత్తయ్య నా కడుపు పాడైందనుకుని ఏవో చేదు ఆకులు కాచి గిన్నెడు తాగించింది. దేశం కోసం అది కూడా తాగాను.

ఉగాలి అంటే మా మొక్కజొన్న పిండి ముద్ద. అది కలిపేటప్పుడు మాత్రం వాదించలేను. దానికి రెండు చేతులూ కావాలి. చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. మా ఆయన దీన్ని కూడా పట్టేశాడు. "ఆ పెద్దాయన పద్ధతి చూడు. ఎంత వేడి చర్చ నడుస్తున్నా సరే, పొద్దుగూకే వేళకి మాట్లాడడం ఆపేస్తాడు. ప్రార్థన వేళ అయ్యుంటుంది. అదీ క్రమశిక్షణంటే," అన్నాడు. నేను గరిటె తిప్పుతూ విన్నాను. శనివారం మధ్యాహ్నాలు కూడా పెద్దాయన కనిపించడనీ, బహుశా పేదల్ని చూడ్డానికి వెళ్తాడనీ అన్నాడు. శనివారం మధ్యాహ్నం నేను ఆయన చొక్కాలు ఉతుకుతాను.

బళ్ళోనూ ఇదే వరస. టీచర్ల గదిలో విరామం వేళ టీ పొయ్యాల్సింది ఆడ టీచర్లే అని ఎవరూ రూలు పెట్టలేదు, అయినా కెటిల్ మా చేతికే వస్తుంది. ఒకరోజు హెడ్మాస్టరు ఫోన్ చూసి తల ఊపుతున్నాడు. "ఈ లిరాండా ఎద్దు ఎవరో కానీ, ఇలాంటివాళ్ళు మన బళ్ళో ఒక్కరుంటే చాలండీ," అన్నాడు. నేను ఆయన కప్పులో టీ పోస్తున్నాను. "మేడమ్, పంచదార కాస్త ఎక్కువ," అన్నాడు. వేశాను. ఎక్కువే వేశాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను. ఇంట్లో నా మాటకి చిల్లిగవ్వ విలువ లేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయన గంభీరంగా చెప్పాడు. "నీకో సంగతి తెలుసా? నీలగిరి వేళ్ళు నీళ్ళ కోసం ఎంత దూరమైనా పోతాయట. ఊట పక్కన వేస్తే కొన్నేళ్ళలో ఊట ఉండదట. ఆ పెద్దాయన రాశాడు."

"నేను ఆ రోజే అన్నాను కదండీ."

"నువ్వన్నది వేరు. ఆయన ఆధారాలతో చెప్పాడు."

"ఏం ఆధారాలు?"

"ఆయన వయసు," అన్నాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ రాత్రి నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆయన మీద కొంత, నా మీద కొంత, ఆ ఎద్దు మీద చాలా. నా మాటలు తిని అది బలిసింది. నేను మాత్రం ఆ పక్కనే కూర్చుని కూర వడ్డిస్తున్నాను.

పోనీ పెద్దాయన మాట విని మొక్కలు మానేశాడా అంటే, అదీ లేదు. నర్సరీలో చెప్పేశాడు, గ్రూపులో చాటేశాడు, వెనక్కి తగ్గితే జనరల్ పరువేం కాను? కిందా మీదా పడి చివరికి ఒక పోస్టు పెట్టాడు. 'పెద్దాయనా, మీరంటే నాకు గౌరవం. కానీ మీరు మా నేల చూడలేదు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి దయచెయ్యండి. ఊట చూడండి, మా ఇంటి కోడి తినండి. చూశాక కూడా మీరు వద్దంటే ఒక్క మొక్క నాటను, గ్రూపు సాక్షి. మీరు రాకపోతే సోమవారం నాటుతాను.' సాక్షిగా తానే వస్తానని ముసోన్యే రాశాడు. జిల్లా జిల్లా అంతా ఎగబడి చదివింది.

మా ఆయన వంటపాకలోకి వచ్చి అన్నాడు. "ఆదివారం పెద్ద అతిథి వస్తున్నాడు. ఆ ఎర్ర పుంజుని కోసెయ్. కందనకాయ జాగ్రత్త."

నన్ను నేనే భోజనానికి పిలిపించుకుని, నా కోసం నేనే కోడిని కోసుకోవాలి. ఇలాంటి చావు ఎవరికొచ్చింది చెప్పండి.

కందనకాయ సంగతి మా వైపు ఎవరినడిగినా చెబుతారు. కోడిలో అది ఇంటి యజమానిది, అతిథి వస్తే అతిథిది. ఆడవాళ్ళు ముట్టరు. మా అమ్మమ్మల కాలంలో అయితే కోడి కూరే ముట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు కూర తింటాం కానీ కందనకాయ లెక్క మాత్రం మారలేదు. పళ్ళెంలో అది కనబడకపోతే కాపురాలు కదిలిపోతాయి. ఎన్ని కోళ్ళు వండానో నాకే తెలియదు. దాని రుచి ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. మా ఇంట్లో దానికి కాపలా అత్తయ్య. కోడి కోసినప్పుడల్లా పీట వేసుకుని పక్కనే కూర్చుంటుంది.

అతిథి రాకపోతే నా మడి పోతుంది. అతిథి రావాలంటే నేను బయటపడాలి. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని కొట్టుకుని, చివరికి నా తమ్ముడికి ఫోన్ చేశాను. ఎద్దు వాడిదే కదా. ఆ ఎద్దు నేనే అని వాడంటే కాదనేవాడెవడు?

"బావ నన్ను ఎద్దులు కాచుకునేవాడంటాడుగా అక్కా. నమ్ముతాడా?"

"నమ్ముతాడు. నువ్వు మగాడివి."

"కందనకాయ నాకేనా?"

"అతిథికేగా."

"అయితే వస్తా. ఏం మాట్లాడాలో చెప్పు."

ఫోన్లోనే పాఠం చెప్పాను. వేళ్ళు, ఊట, తడినేల, అన్నీ. తిరిగి చెప్పమంటే నీలగిరి వేరు నుంచి ఎద్దు మేత దాకా వెళ్ళిపోయాడు. "మిగతాది నవ్వేస్తాలే అక్కా. మగాడు తల ఊపి నవ్వితే చాలు, అన్నీ తెలుసనుకుంటారు," అన్నాడు. వాడికి చదువు అబ్బలేదు కానీ లోకం బాగా అబ్బింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే పుంజుని కోశాను. అత్తయ్య పీట వేసుకుని కూర్చుంది. ముక్కలు చూసింది, కందనకాయని విడిగా చిన్న గిన్నెలో పెట్టడం చూసింది. ముందు గదిలో మా ఆయన, ముసోన్యే కూర్చుని దేశం గురించి మాట్లాడుకుంటున్నారు. లేసు గుడ్డ పరిచిన పెద్ద కుర్చీ అతిథి కోసం ఖాళీగా ఉంది.

"హెజ్రాన్ నాకు ఆ పెద్దాయన బొమ్మ చూపించాడు," అంది అత్తయ్య ఉన్నట్టుండి.

నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. "ఊఁ," అన్నాను.

"ఎడమ కొమ్ము చివర విరిగి ఉంది. అది మా అన్న ఎద్దుని కుమ్మినప్పుడు విరిగింది. మా వాళ్ళు ఆ రోజు ఏడుస్తూ ఇంటికొచ్చారు. ఆ ఎద్దుని నేను చీకట్లో అయినా పోల్చుకుంటాను. అది మీ పుట్టింటిది."

కత్తి ఆగిపోయింది.

"రోజూ అన్నిసార్లు దొడ్డికి పోతుంటే, నా మందు పని చెయ్యలేదేంటా అనుకున్నా," అంది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంతకీ ఇవాళ ఎవరొస్తున్నారు?"

"షివాచి."

"వాడెందుకు?"

"ఆ కుర్చీలో ఎవరో ఒక మగాడు కూర్చోవాలిగా అత్తయ్యా."

ఆవిడ గిన్నెలో కందనకాయ వైపు చాలాసేపు చూసింది. "మా అత్త నాకు దీని దగ్గర కాపలా కాసింది. నేను నీకు కాపలా కాశాను. దీని రుచేంటో మా అత్తకీ తెలియదు, నాకూ తెలియదు. ఇన్నేళ్ళు కాపాడింది తీసుకుపోయి ఆ ఎద్దులోడి నోట్లో పెడతావా?"

అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడు. "అక్కా, సెంటర్లో దిగాను. వచ్చెయ్యనా? కూర వాసన ఇక్కడిదాకా కొడుతోంది."

వాడు వస్తే మడి నిలబడుతుంది. నాకు కావలసింది అదే కదా. వాడు నవ్వేసి నాలుగు మాటలంటాడు, మా ఆయన తల ఊపుతాడు, మొక్కలు వెనక్కి పోతాయి, నేను గిన్నెలు తోముకుంటాను. ఆ తర్వాత? రేపు ఇంకేదో వస్తుంది. ఇమాలిని ఏ చదువుకి పంపాలో అన్నప్పుడు వస్తుంది, ఆ మాటకి ఇంకో మగాణ్ణి వెతుక్కోవాలి. నా నోట్లో మాట బయటికి రావాలంటే ప్రతిసారీ ఒక మగాణ్ణి కోడి కూర పెట్టి పిలుచుకోవాలా? అలా పిలిస్తే నేను బతికున్నంత కాలం ఈ వంటపాకలోనే ఉంటాను, నా మాటలు మాత్రం ముందు గదిలో ఎవరివో అయి కూర్చుంటాయి. భయం వేసింది. గ్రూపులో నాకు దొరికిన ఆ గౌరవమంతా ఈ ఒక్క పూటలో పోతుంది, అది కూడా తెలుసు. అయినా సరే.

"షివాచీ, తిరిగి వెళ్ళిపో."

"మరి కోడి?"

"రెండు తొడలూ పంపిస్తాలే, పో."

కూర దించి, అందులో ఉడికిన కందనకాయని మళ్ళీ చిన్న గిన్నెలోకి తీశాను. ఉగాలి కలిపాను, పళ్ళెంలో బోర్లించాను. అన్నీ ముందు గదిలోకి చేర్చాను. చేతులు కడిగే చెంబూ, బేసినూ కూడా పెట్టాను. అతిథి రాలేదు. ఉగాలి మీద ఆవిరి తగ్గిపోయింది. మా ఆయన కిటికీలోంచి గేటు వైపు చూసి చూసి విసిగిపోయాడు.

"రాడేమో జనరల్," అన్నాడు ముసోన్యే, కూర గిన్నె వైపు చూస్తూ.

"వస్తాడు. మాట తప్పే మనిషి కాదాయన," అన్నాడు మా ఆయన. నాకు ఆయన మీద జాలేసింది. ఇంత నమ్మకం ఆయన నా మీద ఎప్పుడూ పెట్టుకోలేదు. ఫోన్ తీసి గ్రూపులో రాశాడు. 'పెద్దాయనా, ఎక్కడిదాకా వచ్చారు?'

నా నడుముకి కట్టుకున్న గుడ్డలో ఫోన్ గుర్రుమంది. తీసి, అందరి ముందే, గోడకి ఆనుకుని నిలబడి జవాబు రాశాను. 'ఇంట్లోనే ఉన్నాను. చేతులు కడుక్కోవాలి.'

మా ఆయన అది చదివి ఒక్క గంతులో గుమ్మం దాటాడు. గేటు దాకా వెళ్ళాడు, రోడ్డుకి అటూ ఇటూ చూశాడు, కోళ్ళ గూడు వెనక కూడా చూశాడు. తిరిగి వచ్చేసరికి నేను నడుము గుడ్డ విప్పి మడిచి పక్కన పెట్టి, లేసు గుడ్డ పరిచిన కుర్చీలో కూర్చున్నాను.

"లే, లే. ఆయన వచ్చే వేళైంది," అన్నాడు.

"వచ్చేశారు," అన్నాను. ఫోన్ ఆయన వైపు తిప్పాను. ఎద్దు, ఎర్ర కన్ను, విరిగిన కొమ్ము.

ముసోన్యే ముందు అర్థం చేసుకున్నాడు. గట్ల తగాదాలు చాలా చూసిన మనిషి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మా ఆయన ఫోన్ వైపు, నా వైపు, మళ్ళీ ఫోన్ వైపు చూశాడు. "నువ్వా?" అన్నాడు. ఆ వెంటనే, "దేశం అప్పు గురించి రాసింది కూడానా?" అన్నాడు.

"అది కూడా. రొట్టె పన్నూ నాదే."

"మరి పొద్దుగూకితే ప్రార్థన..."

"ఉగాలి."

ఆయన మొహంలో ఎన్ని రంగులు మారాయో చెప్పలేను. అరుస్తాడేమో అనుకున్నాను. ముసోన్యే లేకపోతే అరిచేవాడే.

"అతిథిగా చెబుతున్నాను. మీ ఊట నేను చూశాను. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. అక్కడ నీలగిరి వద్దు," అన్నాను.

"గ్రూపు సాక్షి అన్నావు జనరల్," అన్నాడు ముసోన్యే మెల్లగా.

చెంబూ బేసినూ బల్ల మీదే ఉన్నాయి. మా ఇళ్ళల్లో అతిథి చేతుల మీద నీళ్ళు పోసేది ఇంటి ఆడది. ఆమె వచ్చి ముందు మోకాళ్ళు వంచి పోస్తే తప్ప భోజనం మొదలవదు. మా ఆయన అలవాటుగా వంటపాక వైపు చూశాడు, ఎవరైనా వస్తారేమోనని.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. "అటేం చూస్తావురా? ఇంటామె ఖాళీగా లేదు. అతిథికి నువ్వే చేతులు కడిగించు," అంది.

ఆయన చెంబు అందుకున్నాడు. కొట్లో మేకులు తూచే ఆ చేతులకి అది కొత్త పని. సగం నీళ్ళు బేసినులో, సగం నా ఒళ్ళో పడ్డాయి. నేనేమీ అనలేదు, అతిథులు అనరు కదా. అత్తయ్య చిన్న గిన్నె తెచ్చి నా పళ్ళెంలో కందనకాయ పెట్టింది. దాన్ని రెండుగా చీల్చి ఒక సగం ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ గోడ వైపు తిరిగి నోట్లో వేసుకుంది. ఇద్దరం నమిలాం. నమిలాం, నమిలాం. కొంచెం సాగుతుంది. ఉప్పు తక్కువైంది.

"దీనికేనా?" అంది అత్తయ్య నోటి నిండా పెట్టుకుని, నాకు మాత్రమే వినబడేలా.

మా ఆయన ఇంకా చెంబుతోనే నిలబడి ఉన్నాడు. "మొక్కలు వద్దని రేపు నర్సరీకి చెప్పేస్తాను," అన్నాడు. ఇంకేం అనాలో తోచక, గ్రూపులో పెద్దాయనతో మాట్లాడే అలవాటే నోటికి వచ్చింది కాబోలు. "మీరు... ఇంకొంచెం ఉగాలి వేసుకుంటారా?"

పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆయన నన్ను ఇంకేమైనా కావాలా అని అడగడం అదే మొదలు. నేను పళ్ళెంలో ఉగాలిని వేలితో నొక్కి చూశాను. గట్టిపడి చల్లారిపోయింది.

"వేసుకుంటాను. కానీ వేడిది కావాలి. పిండి డబ్బాలో ఉంది, పొయ్యి ఇంకా ఆరలేదు," అన్నాను. "ఆ ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్ళండి. దానికి రెండు చేతులూ కావాలి."